ఫిల్ తర్వాతి ఒకటో బీట్

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. నేరుగా విషయంలోకి వస్తాను.

డ్రమ్ ఫిల్స్, అంటే పాట నడకకు మధ్యలో డ్రమ్ముల మీద వేసే చిన్న విరుపులు, మెరుగుపడాలంటే ఎలా సాధన చెయ్యాలో చెప్పమన్నారు. ముందుగా ఒక మాట. ఫిల్‌ను విడిగా సాధన చెయ్యకండి. బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్ల ఆవృత్తం, గ్రూవ్ అంటే పాట వెంట నడిచే మామూలు వాయింపు. మూడు బార్లు గ్రూవ్ వాయించండి, నాలుగో బార్‌లో ఫిల్ వెయ్యండి, ఆ తర్వాత ఒకటో బీట్ మీద క్రాష్ అనే పెద్ద పళ్లెం, కాలితో కొట్టే కిక్ డ్రమ్ కలిసి పడాలి. చాలామంది ఏం చేస్తున్నారంటే, ఒక ఫిల్ పట్టుకుని ఎదురుగా ఉన్న స్నేర్ డ్రమ్ నుంచి పక్కన నేల మీదుండే ఫ్లోర్ టామ్ డ్రమ్ దాకా గంటల తరబడి దొర్లిస్తారు. చేతులకు ఫిల్ వస్తుంది. పాటలోంచి అందులోకి దిగడం, మళ్లీ పాటలోకి రావడం మాత్రం రాదు.

అందరూ ఒక్కసారి అరచేతులు తొడల మీద పెట్టండి. ఎడమ కాలితో నాలుగు బీట్లు వెయ్యండి. ఒక్కో బీట్‌కి నోటితో ‘తకధిమి’ అంటూ కుడి, ఎడమ, కుడి, ఎడమ. బార్‌కి పదహారు దెబ్బలు. బీట్లు టిక్కుటిక్కుమని మోగించే మెట్రోనోమ్ 60 మీద, అంటే నిమిషానికి 60 బీట్ల మీద ఉంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య పావు సెకను. ఇక్కడ తొడ మీద బాగానే ఉంటుంది. అదే టామ్‌ల మీద వాయిస్తే చివరి తకధిమి పరుగెత్తుతుంది. గ్రూవ్‌లో చేత్తో కొడుతూ కాలాన్ని పట్టుకుని ఉన్న హైహ్యాట్, అంటే పెడల్‌తో కూడా మోగే జంట పళ్లేలు, ఫిల్‌లోకి రాగానే ఆగిపోతుంది, చేతులకు ఆధారం పోతుంది. అందుకే ఫిల్ జరుగుతున్నంతసేపూ ఎడమ కాలు హైహ్యాట్ పెడల్ మీద నాలుగు బీట్లూ వేస్తూనే ఉండాలి.

ఇక్కడ నా మనసులో ఉన్నది చెప్పకుండా ముందుకు పోలేను. ఒక పోటీకి నేనూ ఒక న్యాయనిర్ణేతగా వెళ్లాను. ఒకమ్మాయి నాలుగో బీట్ మీద మాత్రమే ఫిల్ వేసింది. స్నేర్ మీద రెండు, ఫ్లోర్ టామ్ మీద రెండు, అంతే. ఒకటో బీట్‌కి బేస్ గిటార్‌తో పాటు దిగింది, వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత వచ్చిన అబ్బాయి టామ్‌లన్నీ చుట్టేశాడు. ఫిల్ అయ్యేసరికి పాట ముందుకు దూకింది, బేస్ వాయించే అతను తల తిప్పి చూశాడు. చప్పట్లు ఆ అబ్బాయికే, బహుమతీ ఆ అబ్బాయికే. నేను వాదించాను, నా మాట నెగ్గలేదు. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. వేగం తప్పని వాళ్లను మనం గుర్తించకపోతే పిల్లలు దేన్ని సాధన చేస్తారు? మీరే చెప్పండి!

సరే, సాధన సంగతికి వస్తాను. మొదట నాలుగో బీట్ ఒక్కదాని మీదే ఫిల్. అది నిలబడ్డాక మూడు, నాలుగు బీట్లు. ఆ తర్వాతే పూర్తి బార్. కొత్త ఫిల్స్ కోసం తెగ వెతకనక్కర్లేదు, చేతిలో ఉన్న ప్యారాడిడిల్ అనే దెబ్బల వరసనే తీసుకోండి. కుడి, ఎడమ, కుడి, కుడి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. దాన్నే స్నేర్‌కీ టామ్‌లకీ పంచండి. ఎడమ చేత్తో మొదలుపెట్టి కూడా చూడండి. బీటిల్స్ బృందం డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాళ్లకు అమర్చిన కిట్ మీద వాయించాడు. టామ్‌ల మీద ఆయన ఫిల్స్ తిరిగే తీరు వేరుగా ఉండటానికి అదొక కారణం.

ఇక అన్నిటికన్నా కఠినమైనది. గ్రూవ్ బార్లలో మెట్రోనోమ్ మోగాలి, ఫిల్ బార్‌లో మూగబోవాలి. అలా పెట్టుకునే వీలున్న ఫోన్ యాప్‌లు ఉన్నాయి. అది మళ్లీ మోగినప్పుడు మీ క్రాష్ దానికంటే ముందు పడిందా, వెనక పడిందా? రికార్డు చేసుకుని వినండి. ముందు పడితే వేగం తగ్గించి మళ్లీ మొదటి బార్ నుంచి రండి.

కిట్ సిద్ధంగా ఉంది, మెట్రోనోమ్ 60 మీదే పెట్టాను. ఎవరు ముందు వస్తారు?