పాటల గంటను తిరిగి ఇవ్వండి

(అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టిన సహోపాధ్యాయులకు, దేశదేశాల నుంచి హైదరాబాదుకు వచ్చి చదువుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. ఆహ్వాన పత్రంలో నా పేరు పక్కన "సంభాషణ బోధనలో నూతన పోకడలు" అని అచ్చు వేశారు. నిర్వాహకులు నన్ను మన్నించాలి. ఆ పోకడల గురించి నాకంటే వివరంగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను ఒక్క గంట గురించి చెప్పడానికి వచ్చాను. గురువారం మధ్యాహ్నం భోజనాల తరువాత, విదేశీ విద్యార్థుల ఇంగ్లీషు సంభాషణ తరగతిలో, ఒక్కొక్కరు తమకు ప్రాణమైన పాటను వినిపించి దాని గురించి తోటివారితో మాట్లాడే గంట అది. ఇప్పుడు ఆ గంట లేదు. దాన్ని తీసివేశారు.

ఇవాళ ఫిబ్రవరి 21. 1952లో ఇదే రోజున, అప్పట్లో పాకిస్తాన్‌లో ఉన్న ఢాకాలో, బెంగాలీని కూడా రాజభాషగా గుర్తించమని అడిగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిని తలచుకుంటూ అబ్దుల్ గఫార్ చౌధురీ రాసిన గేయానికి అల్తాఫ్ మహమూద్ కట్టిన బాణీ ఈనాటికీ ఈ తెల్లవారుజామున బంగ్లాదేశ్‌లో వినిపిస్తుంది. ఆ బాణీ కట్టిన మనిషిని 1971 యుద్ధకాలంలో పాకిస్తాన్ సైన్యం ఇంటి నుంచి పట్టుకుపోయింది. ఆయన తిరిగి రాలేదు. యునెస్కో 1999లో ఈ తేదీని మాతృభాషా దినోత్సవంగా ప్రకటించిన సంగతి మీ అందరికీ తెలుసు. నేనూ ఇదంతా పుస్తకాల్లో చదివినదాన్నే గాని, అది నా మనసుకు పట్టింది మా తరగతిలో ఒక బంగ్లాదేశ్ అమ్మాయి ఆ పాట వినిపించిన రోజున. ఆ పొద్దున జనం చెప్పులు విడిచి, చేత పూలు పట్టుకుని, పాడుకుంటూ ఆ అమరుల స్మారకం షహీద్ మినార్ దాకా నడుస్తారని ఆమె చెప్పగానే, మంగోలియా నుంచి వచ్చిన అబ్బాయి చెప్పులు ఎందుకు విడుస్తారని అడిగాడు. వియత్నాం అమ్మాయి, చిన్నపిల్లలు కూడా నడుస్తారా, వాళ్ళకు కాళ్ళు నొప్పి పుట్టవా అని అడిగింది. అప్పటిదాకా "ఎస్ మేడం", "నో మేడం" దాటి నోరు మెదపని ఆ అమ్మాయి, నాన్న భుజం మీద కూర్చుని తాను మొదటిసారి వెళ్ళిన ఉదయం గురించి, తన తమ్ముడు పూలరేకులు నమిలేసిన సంగతి గురించి, గడియారం వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయింది.

సంభాషణ తరగతులు మామూలుగా ఎలా సాగుతాయో ఇక్కడున్న ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. విమానాశ్రయంలో ఏం అడగాలి, వైద్యుడి దగ్గర ఏం చెప్పాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి అని పుస్తకం సందర్భాలను ఇస్తుంది, వాక్యాలను కూడా ఇస్తుంది. విద్యార్థి వాటిని అప్పచెబుతాడు. అవి పనికిరానివని నేను అనను. విదేశంలో జ్వరం వచ్చిన పిల్లవాడికి ఆ వాక్యాలు కావలసిందే. కాని వాటిలో విద్యార్థి చెప్పేది ఎదుటివాడికి ముందే తెలుసు, ఉపాధ్యాయుడికీ తెలుసు. తెలిసిన సంగతిని తెలిసినవారికి చెప్పడానికి ఎవరికైనా ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? పాట విషయంలో మాత్రం గదిలో ఆ సంగతి తెలిసినవాడు ఆ ఒక్కడే. నాకు తెలియదు. పక్కవారికి తెలియదు. వారికి తెలుసుకోవాలని ఉంది, అతనికి చెప్పాలని ఉంది. సంభాషణకు ఇంతకంటే వేరే పెట్టుబడి ఏముంటుందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లీషు పాటను వినిపించి, మధ్యమధ్య మాటలు తీసేసిన కాగితం ఇచ్చి, ఖాళీలు పూరించమనే అభ్యాసంతో దీన్ని కలపవద్దని మనవి. అది వినికిడికి మంచి కసరత్తు, నేనూ చేయించాను. అయితే అందులో జవాబులు ఉపాధ్యాయుడి చేతిలో ఉంటాయి. మా గురువారం గంటలో జవాబులన్నీ విద్యార్థి దగ్గరే ఉండేవి.

పద్ధతి చాలా తేలికైనది. విద్యార్థి పాటను రెండు మూడు నిమిషాలు వినిపిస్తాడు. ఎవరు పాడారు, తాను మొదట ఎక్కడ విన్నాడు, ఇంట్లో ఎవరు పాడుకుంటారు, ఏ సందర్భంలో పాడుతారు అన్నది చెబుతాడు. పాటను వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం మా గదిలో నిషిద్ధం, ఎందుకంటే ఆ పనిలో పడినవాడు నిఘంటువు వెతుక్కుంటాడే తప్ప మనుషుల వైపు చూడడు. తరువాత అందరూ ప్రశ్నలు అడగాలి. ప్రశ్న అడగడం జవాబు చెప్పడం కంటే కష్టమైన విద్య, మన తరగతుల్లో దానికి చోటే ఉండదు. మాట్లాడుతున్నంతసేపు నేను ఎవరినీ మధ్యలో ఆపి దిద్దేదాన్ని కాదు. విన్న తప్పులను నోటు పుస్తకంలో రాసుకుని, చివరి పది నిమిషాల్లో, ఎవరి తప్పో చెప్పకుండా అయిదారు వాక్యాలు బోర్డు మీద రాస్తే, వాళ్ళే దిద్దేవారు. "మా అమ్మమ్మ పాడుతూ ఉండేది" అని గతంలోని అలవాటును చెప్పే వ్యాకరణ రూపం ప్రతి ఉపాధ్యాయుడికీ తలనొప్పే కదా. పాటల గంటలో అది లేకుండా ఎవరికీ కథ నడవదు, కనుక వాళ్ళు దాన్ని నా దగ్గర అడిగి మరీ నేర్చుకున్నారు.

ఒక సూడాన్ అబ్బాయి గురించి మీకు చెప్పాలి. నేను చెప్పవలసింది పాఠ్యప్రణాళిక గురించే అయినా, ఇతని సంగతి చెప్పకుండా ఆ మాట చెప్పలేను. అతను చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చునేవాడు. అందరూ నవ్వితే నవ్వేవాడు, పేరు పిలిస్తే లేచి నిలబడేవాడు, అంతే. అతని వంతు వచ్చిన గురువారం మహమ్మద్ వర్దీ పాట వినిపించాడు. 2012లో కన్నుమూసిన వర్దీ సూడాన్‌లో ఎంత పెద్ద గాయకుడో మాకు తెలియదు. ఆయన అరబ్బీతోపాటు నూబియన్ భాషలో కూడా పాడాడని, ఆ నూబియన్ తన తాతల భాష అని, తన తాతల ఊరు వాదీ హల్ఫా ప్రాంతంలో నైలు నది ఒడ్డున ఉండేదని అతను చెప్పాడు. ఉండేది అన్నాడు. ఈజిప్టు కట్టిన అస్వాన్ పెద్ద ఆనకట్ట వెనక నీళ్ళు నిలిచి 1960లలో ఆ ఊళ్ళు మునిగిపోయాయి. సూడాన్ వైపు సుమారు 50 వేల మంది నూబియన్లను రైళ్ళలో ఎక్కించి, ఎక్కడో దూరాన తూర్పున న్యూ హల్ఫాకు తరలించారు. నది ఒడ్డున ఖర్జూర చెట్ల కింద బతికినవారిని మైదానంలో దింపారు.

మా తరగతిలో ఒక్కొక్క విదేశీ విద్యార్థి పక్కన ఒక స్థానిక విద్యార్థిని కూర్చోబెట్టేవాళ్ళం. ఆ రోజు అతని పక్కన ఉన్నది పాలమూరు జిల్లా అమ్మాయి. ఆమె ఇంగ్లీషు అతని ఇంగ్లీషు కంటే గొప్పదేమీ కాదు. ఆమె లేచి, "మీ తాత ఊరు వదిలేటప్పుడు ఇంటికి తాళం వేశాడా?" అని అడిగింది. గదిలో ఎవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. అతనికి అర్థమైంది. వేశాడని, మునిగిపోయే ఇంటికి తాళం వేసి, తాళంచెవి వెంట తెచ్చుకున్నాడని, అది ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో మేకుకు వేలాడుతుందని చెప్పాడు. అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన కృష్ణ ఒడ్డు ఊళ్ళలో ఆమె అవ్వగారి ఊరు ఒకటి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి రాళ్ళు, ఇళ్ళ పునాదులు బయటపడతాయని, అవ్వ ఒకసారి వెళ్ళి తన ఇంటి అరుగు పోల్చుకుని అక్కడే కూర్చుండిపోయిందని చెప్పింది. మరి మీ అవ్వకు పాట ఉందా అని అతను అడిగాడు. ఉందంటూ ఆమె అవ్వ పాడే నాట్ల పాట ఒకటి అందుకుంది. ఆ నాట్లు వేసిన మడి కూడా నీళ్ళ కిందనే ఉంది.

నైలు మనిషి, కృష్ణ మనిషి, ఇద్దరికీ సొంతం కాని భాషలో, వ్యాకరణం ఎక్కడికక్కడ విరిగిపోతుండగా, ఒకరి ముంపు గురించి ఒకరు అడిగి తెలుసుకున్నారు. ఆ రోజు నేను నోటు పుస్తకంలో ఒక్క తప్పు కూడా రాసుకోలేదు. అయ్యా, ఇంగ్లీషు బోధన లక్ష్యాల గురించి ఎన్నో పత్రాలు చదివి ఉంటాం. వాటిలో ఏ లక్ష్యం ఈ అరగంటలో నెరవేరలేదో మీరు చెప్పండి.

మరొక గురువారం ఇథియోపియా విద్యార్థి టిజిటా పాట వినిపించాడు. పోయిన కాలాన్ని, దూరమైన మనిషిని తలచుకుని పాడే పాటలకు అక్కడ ఆ పేరు; ఆ పాటలు నడిచే స్వరశ్రేణికీ అదే పేరు. పాట సగంలో ఉండగానే సంగీతం నేర్చుకున్న మన అమ్మాయి ఒకతె, "మేడం, ఇది మోహన" అంది. టిజిటాలో రెండు రకాలున్నాయి. వాటిలో ఒకదాని స్వరాలు స, రి, గ, ప, ద. మనం మోహన రాగం అనేది ఆ అయిదింటినే. గమకాలు వేరు, నడక వేరు, మెట్లు అవే. ఆమె త్యాగరాజస్వామి "నను పాలింప" మొదటి పంక్తి పాడి, తరువాత అందరికీ తెలిసిన "లాహిరి లాహిరి లాహిరిలో" అందుకుంటే, ఆ ఇథియోపియా అబ్బాయి మాటలు రాకపోయినా స్వరం తప్పకుండా వెంట పాడాడు. 1957 నాటి మాయాబజార్ పాటకు అడిస్ అబాబా నుంచి వచ్చినవాడు గొంతు కలిపాడు. అతని ఊళ్ళో ఆ పాటలు ఏ వాద్యం మీద వాయిస్తారు, మన వీణకు ఎన్ని తీగలు అని ఆ తరువాత సాగిన మాటలను నేను ఆపవలసి వచ్చింది, తరువాతి తరగతివారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు కనుక.

ఇప్పుడు నా బాధ చెబుతాను. నేను పనిచేసిన చోటికి ఒక సమీక్షా సంఘం వచ్చింది. చోటు పేరు, మనుషుల పేర్లు నాకు అక్కరలేదు. కాలపట్టికలో "పాటలు, చర్చ" అని ఉన్న గడి మీద వేలు పెట్టి, పాటలు వింటూ కూర్చుంటే మార్కులు ఎలా వేస్తారని వారు అడిగారు. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టాను, పూర్తి చేయనివ్వలేదు. ఆ తరువాతి సెమిస్టరు నుంచి ఆ గడిలో కంప్యూటర్ ల్యాబు వచ్చింది. విద్యార్థులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని నొక్కుతూ, సంభాషణ నేర్చుకుంటున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడడం లేదు. సంభాషణ తరగతిలో మాట వినబడడం లేదంటే మనం దాన్ని ఏమని పిలవాలి?

ఆ రోజు చెప్పనివ్వని జవాబు ఇక్కడ చెబుతాను. మార్కులు వేయవచ్చు. విద్యార్థి కాగితం చూడకుండా ఎంతసేపు మాట్లాడాడు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాడా లేక కంఠస్థం చేసినదే మళ్ళీ చెప్పాడా, తాను ఎన్ని ప్రశ్నలు అడిగాడు, అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పమని అడగగలిగాడా — వీటన్నిటికీ మార్కులు వేయవచ్చు, నేను వేశాను. స్టీఫెన్ క్రాషెన్ వంటి భాషాశాస్త్రవేత్తలు, భయమూ బిడియమూ ఉన్నచోట చెవిన పడిన భాష లోపలికి దిగదని 1980లలోనే రాశారు. బిడియం తీరే దారి చూపించిన గంటను వినోదం కింద లెక్కకట్టడం న్యాయం కాదు.

ఇంకొక అభ్యంతరం ఉంది, అది గౌరవించదగినది. కొందరు విద్యార్థులు తమ విశ్వాసం వల్ల వాద్య సంగీతం వినరు. వారిని ఎవరూ బలవంతపెట్టకూడదు. అటువంటివారు వాద్యం లేని స్తుతిగీతమో, కవితో, నాయనమ్మ జోలపాట జ్ఞాపకమో తెచ్చేవారు. వాటి మీద సాగిన చర్చ మిగతావాటికి ఏ మాత్రం తీసిపోలేదు. దీనికి పూర్తిగా ఎదురు వైపున ఒక ఆఫ్ఘన్ విద్యార్థి ఉన్నాడు. 1979లో, 33 ఏళ్ళకే మరణించిన వాళ్ళ గాయకుడు అహ్మద్ జాహిర్ పాట తెచ్చాడు. 1996 నుంచి 2001 దాకా తాలిబాన్ పాలనలో వాద్యాలతో పాట నిషిద్ధం. వాళ్ళ అమ్మ కిటికీలు మూసి, వాటికి దుప్పట్లు కట్టి, క్యాసెట్టును చెవికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని విన్నదట. అతను వేదిక దగ్గరికి వచ్చి నన్ను అడిగిన మొదటి మాట, "మేడం, సౌండ్ పూర్తిగా పెంచవచ్చా?" అని. పెంచమన్నాను. పక్క గది నుంచి ఫిర్యాదు వచ్చింది, నేను వెళ్ళి మాట్లాడుకున్నాను. 2021 ఆగస్టు తరువాత ఆ దేశంలో పాటకు మళ్ళీ అదే గతి పట్టింది. తన దేశంలో వినలేని పాటను మన ఊళ్ళో బిగ్గరగా విని, దాని గురించి పదిమందికి చెప్పుకునే చోటు ఒకటి ఉండేది. దాన్ని మనం చేజేతులా మూసివేశామన్నదే నా దుఃఖం.

ఉస్మానియాకు, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైన ఇఫ్లూకు, చుట్టుపక్కల కళాశాలలకు ఏటా ఎన్నో దేశాల పిల్లలు వస్తున్నారు. ఇతర దేశాలవారికి మన ప్రభుత్వం శిక్షణ ఇచ్చే, 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద ఉద్యోగులు వస్తున్నారు, భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఉపకార వేతనాలతో విద్యార్థులు వస్తున్నారు. వారికి చార్మినార్ చూపిస్తాం, బిర్యానీ పెడతాం, సాంస్కృతిక దినోత్సవం రోజున వారి దుస్తులు వేయించి ఫొటో తీస్తాం. వారిని కూర్చోబెట్టి "మీ ఇంట్లో ఏ పాట పాడుకుంటారు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినే గంట ఒక్కటి ఇవ్వలేమా? దీనికి నిధులు అక్కరలేదు. ఒక ఫోను, ఒక స్పీకరు, తలుపు వేసుకోగల గది, తక్కువ మాట్లాడే ఉపాధ్యాయుడు చాలు.

వచ్చే నెల పాఠ్యప్రణాళిక సంఘం సమావేశమవుతున్నది. వారానికి ఒక గంట పాటల చర్చను సంభాషణ తరగతిలో చేర్చాలని, మూల్యాంకన పద్ధతితో సహా నేను రెండు పుటల వినతిపత్రం రాశాను. ఉపాధ్యాయులు దాన్ని చదివి, సరిపోదనిపించిన చోట దిద్ది, ఆ తరువాతే సంతకం చేయండి. విద్యార్థులు తమ పాట పేరు, ఆ పాట గురించి నాలుగు వాక్యాలు వెనక పుటలో రాస్తే, మా మాట కంటే అదే సంఘం ముందు ఎక్కువ పనిచేస్తుంది. పత్రాలు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. సంతకం కింద మీరు చెప్పే తరగతి, మీ కళాశాల తప్పక రాయండి. వారు మొట్టమొదట అడిగేది అదే.

నమస్కారం.