రబ్బరుతో రుద్దినందుకు 800 రూపాయలా? అవును, ఇవ్వాల్సిందే!

నమస్తే అండి. వారం రోజులుగా నా ఫోన్‌కి అందరూ ఒకటే వీడియో పంపుతున్నారు. చూడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక పెద్దాయన ఇంట్లో కంప్యూటర్ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావట్లేదు. పిలిస్తే వచ్చిన కుర్రాడు క్యాబినెట్ విప్పాడు, ర్యామ్ అనే మెమరీ పట్టీ బయటికి తీశాడు, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో దాని అంచు రుద్దాడు, మళ్లీ పెట్టాడు, డిస్‌ప్లే వచ్చేసింది. మొత్తం పది నిమిషాలు. 800 అడిగాడు. "రబ్బరు పెట్టి రుద్దినందుకు 800 ఏంటయ్యా" అని ఆయన వీడియో తీసి పెట్టేశారు, కింద కామెంట్లలో అందరూ ఆ కుర్రాణ్ని పట్టుకుని దొంగ, దొంగ, దొంగ.

నేనూ కంప్యూటర్లు బాగుచేసేవాణ్నే, నాకు ఒళ్లు మండింది. ఆ కుర్రాడు దొంగైతే, ఆ 800 తీసుకోకుండా ఏం చేసేవాడో తెలుసా? తల అడ్డంగా ఊపి "సార్, మదర్‌బోర్డ్ పోయింది" అనేవాడు. సిస్టమ్ ఇంటికి పట్టుకెళ్లేవాడు, అదే రబ్బరుతో రుద్దేవాడు, రెండు రోజులు మూల పెట్టేవాడు, మూడో రోజు తెచ్చిచ్చి 4,500 తీసుకునేవాడు. ఆ పెద్దాయన సంతోషంగా ఇచ్చి, కాఫీ కూడా ఇచ్చి పంపేవారు. ఈ కుర్రాడు మీ కళ్లముందే రుద్దాడండి! నిజం చూపించాడు కాబట్టే తిట్లు తిన్నాడు.

ఇప్పుడు నా మాట వినండి, నా ఈ వీడియోలో ఇదొక్కటి గుర్తుంటే చాలు: చెకింగ్ ఫ్రీ, అంటే వచ్చి చూసినందుకు డబ్బులొద్దు అన్నవాడు మీకు నిజం చెప్పలేడు. చెప్పలేడు అంటున్నాను, చెప్పడు అనట్లేదు. మనిషి మంచోడే కావచ్చు. కానీ కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా లీటరు వంద దాటిన పెట్రోలు కాల్చుకుని వచ్చాక, "మీ సిస్టమ్‌కి ఏమీ కాలేదండి, కేబుల్ లూజు" అంటే వాడికి చేతికి వచ్చేది సున్నా. ఏదో ఒకటి పోయిందంటేనే వాడికి డబ్బులు. మరి ఏదో ఒకటి పోకుండా ఎలా ఉంటుంది?

ఇది నాకెలా తెలుసంటే నేను పని నేర్చుకున్నది అలాంటి చోటే. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు, పేరు చెప్పను, ఒక షాపులో పని నేర్చుకునేటప్పుడు ఓనర్ మొదటి వారమే చెప్పిన మాట, "పార్టీ ఉత్త చేతులతో బయటికి వెళ్లకూడదు." పార్టీ అంటే మా భాషలో కస్టమర్. బయట బోర్డు మీద చెకింగ్ ఫ్రీ అని ఉండేది. నేను ఆర్నెల్లు ఆ బోర్డు కింద కూర్చున్నాను. బాగున్న ఎస్‌ఎమ్‌పీఎస్‌లు, అంటే కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టెలు, మార్చడం చూశాను. నోరు విప్పలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సరే, 800 ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేద్దాం. ఇది నా లెక్క, మీ ఊరిని బట్టి మార్చుకోండి. ఇంట్లో ఇవ్వడానికి నెలకి 35,000 కావాలనుకోండి, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలంటే అదేం పెద్ద మొత్తం కాదు. పెట్రోలు 4,500. ఫోన్, నెట్ 700. మల్టీమీటర్, స్పేర్ ర్యామ్, స్పేర్ ఎస్‌ఎమ్‌పీఎస్, పెన్‌డ్రైవ్‌లు, బ్యాకప్ తీసే డిస్క్, ఇవన్నీ అరిగేవి, పోయేవి, వాటికి నెలకి 1,800. చేసిన పని వారంలో మళ్లీ మొరాయిస్తే ఫ్రీగా వెళ్లాలి కదా, దానికీ, రేపిస్తాను అని ఫోన్ ఎత్తనివాళ్లకీ కలిపి 2,000. మొత్తం 44,000. ట్రాఫిక్, వాన, బోనాలు, పండగలు అన్నీ పోను నెలకి 60 కాల్స్ పడితే గొప్ప. 44,000ని 60తో భాగించండి. 733 రూపాయలు. ఒక్కో గుమ్మం ఎక్కినందుకు సగటున 733 రాకపోతే ఆ నెల అప్పే. ఇప్పుడు చెప్పండి, 800 దోపిడీయా?

"పది నిమిషాలే కదా" అంటారు. మీకు కనబడింది పది నిమిషాలు. రాను నలభై, పోను నలభై ఎవరి ఖాతాలో వేస్తారు? డిస్‌ప్లే రాకపోవడానికి ర్యామ్ ఒక్కటే కారణం కాదు, ఎస్‌ఎమ్‌పీఎస్ కావచ్చు, గ్రాఫిక్స్ కార్డ్ కావచ్చు, బోర్డు కావచ్చు, మానిటర్ కేబుల్ కావచ్చు. కంప్యూటర్ చేసే బీప్ శబ్దం విని ముందు ర్యామ్ మీద చెయ్యి వేశాడు చూడండి, డబ్బు దానికి.

మా ఊళ్లో బోరు మోటారు ఆగిపోతే ఏం చేస్తారు? పైపులు పైకి లాగేవాళ్లని పిలుస్తారు. లాగాక మోటారు కాలిందా, వైరు తెగిందా, ఏమీ కాలేదా, అది తర్వాతి సంగతి. లాగిన కూలీ మాత్రం ఇస్తారు. "మోటారు బాగానే ఉంది కదా, కూలీ ఎందుకు" అని ఏ రైతూ అడగడు. పొలం దగ్గర అర్థమైన న్యాయం అపార్ట్‌మెంట్‌లో ఎందుకు అర్థం కాదండీ?

దీనివల్ల మీకు ఎంత నష్టమో ఒక ఉదాహరణ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11 రావాలంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆ పైవే పనికొస్తాయి. అప్పటినుంచి ఎంతమంది ఇళ్లలో "మీది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి, నేను ఇప్పిస్తా" అన్నారో! నా దగ్గరికే అలాంటివాళ్లు ఎందరో వచ్చారు. ఇళ్లలో వాడేవాళ్లకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే దారి మైక్రోసాఫ్టే ఇచ్చింది, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కూడా కట్టక్కర్లేదు. ఈ మాట ఫ్రీ చెకింగ్‌వాడు చెప్తాడా? చెప్తే వాడికేం మిగులుతుంది? అదే 400 చెకింగ్ తీసుకున్నవాడు నిమ్మళంగా చెప్తాడు. ఆ 400 మీకు 40,000 మిగిల్చింది.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పెళ్లికి వెళ్తే కారు డిక్కీలో లాప్‌టాప్ పెట్టుకొస్తారండీ! "ఒరేయ్, ఐదు నిమిషాలు చూడరా, ఫార్మాట్ కొట్టెయ్." ఫార్మాట్ కొట్టెయ్ అంటారు, లోపల అమ్మాయి సర్టిఫికెట్లు ఉన్నాయని చెప్పరు, బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్ తాళం తెరిచే నంబరు, అడిగితే అదేంటంటారు. ఆ కీ లేకుండా బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యే సెట్టింగ్స్‌లో, చెయ్యి పెడితే డేటా తలుపు మూసుకుపోవచ్చు, అప్పుడు మాట పడేది నేను. మా పిన్ని దగ్గర డబ్బులు తీసుకోను, కానీ అదే పని బయటివాళ్లకి 300కి చెయ్యమంటే మాత్రం చెయ్యను.

ఇక మన పనివాళ్లకి, తమ్ముళ్లూ, ఆ కుర్రాడు చేసిన తప్పు ఒకటుంది. 800 అని ముందే ఫోన్లో చెప్పలేదు. బైక్ స్టార్ట్ చెయ్యకముందే చెప్పాలి: "వచ్చి చూసినందుకు ఇంత, బాగుచేస్తే ఇంత దాకా అవ్వచ్చు, మిమ్మల్ని అడగకుండా ఏ పార్ట్ మార్చను." వద్దంటే వద్దు, మానేస్తారు. పార్ట్ వేస్తే బిల్లులో పార్ట్ ధర వేరు, పని చార్జ్ వేరు రాయండి, పాత పార్ట్ వాళ్ల చేతికే ఇవ్వండి. పని ఫ్రీ అని చెప్పి ఎస్‌ఎస్‌డీ డిస్క్ ధర మీద వెయ్యి లాగడం మానండి. పార్టీ రేట్ ఆన్‌లైన్‌లో చూసుకున్న రోజున మీరు చేసిన మంచి పని కూడా మోసంలాగే కనబడుతుంది. ఇంకోటి, మీ మొత్తం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటక, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా లేకపోతే, బిల్లులో జీఎస్టీ అని 18 శాతం కలపకండి. అది నేరుగా తప్పు.

చూసేవాళ్లూ, మీరొక పని చెయ్యండి. మీకు ఆఖరిసారి రిపేర్‌కి ఎంత తీసుకున్నారు, అందులో చెకింగ్ ఎంత, పార్ట్ ఎంత, విడిగా చెప్పారా, పాత పార్ట్ ఇచ్చారా, కామెంట్లో రాయండి. షాపు పేరు, ఫోన్ నంబరు మాత్రం పెట్టకండి. వచ్చే ఆదివారం వాటిలో కొన్ని తీసుకుని, ఏది సరైన రేటో, ఏది కాదో ఒక్కొక్కటీ లెక్క కట్టి చెప్తాను.