మైకు ముందు మూడు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇన్ని పనులు పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం.

నాలుగేళ్ళ కిందట మా పిల్లల స్కూలు బస్సు రూటు తీసేస్తారని తెలిసి మొదటిసారి స్కూల్ బోర్డు మీటింగుకి వెళ్ళాను. ఇక్కడ టెక్సస్‌లో మన స్కూళ్ళ నిర్ణయాలు తీసుకునేది ఆ బోర్డే. రెండు పేజీలు రాసుకెళ్ళాను. మైకు ముందు నిలబడగానే టైము మొదలైందని ఆకుపచ్చ లైటు వెలిగింది. నా పేరు, ఈ ఊరికి ఎప్పుడొచ్చాం, టీచర్లంటే మాకెంత గౌరవం... ఇవన్నీ చెప్పేసరికి పసుపు లైటు. బస్సు మాట ఎత్తేసరికి ఎరుపు, టైము అయిపోయింది. "థాంక్యూ" అన్నారు. బోర్డు సభ్యులైన ఏడుగురు ట్రస్టీల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. కారులోకొచ్చి ఏడ్చేశాను. మనల్ని చూసి పట్టించుకోలేదనుకున్నాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ రోజు అజెండాలో బస్సుల ఊసే లేదు. అజెండాలో లేని విషయం ఎవరైనా అడిగితే, టెక్సస్ చట్టం ప్రకారం బోర్డు ఉన్న సమాచారమో, ఉన్న పాలసీనో చెప్పగలదు. లేదంటే దాన్ని తర్వాతి మీటింగు అజెండాలో పెడదామా అని మాట్లాడుకోవచ్చు. అంతకుమించి చర్చించకూడదు. ప్రజలకు ముందు నోటీసు ఇవ్వకుండా ఏదీ తేల్చకూడదనే ఈ కట్టడి. గ్రామసభలో సర్పంచ్‌ని నిలదీస్తే అక్కడికక్కడే జవాబు రావాలనుకునే మనకు ఆ మౌనం అవమానంలా తగులుతుంది. కానీ అది అవమానం కాదు.

అజెండాలో ఉన్న విషయమైతే మాత్రం మీ మాట వినాల్సిందే. 2019లో వచ్చిన చట్టం ఆ సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఏ అంశం మీదైనా బోర్డు చర్చకు ముందో, చర్చ జరిగేటప్పుడో, మాట్లాడతానన్న ప్రతి ఒక్కరికీ అవకాశం ఇవ్వాలి. టైము పరిమితి పెట్టుకోవచ్చు. చాలాచోట్ల మూడు నిమిషాలు, జనం ఎక్కువైతే ఇంకా తగ్గిస్తారు. బోర్డును విమర్శించొద్దని మాత్రం రూలు పెట్టడానికి వీల్లేదు. "వీసా మీద ఉన్నాం, మనకెందుకు" అంటారు చాలామంది. ఆ భయం నాకూ తెలుసు. కానీ చట్టంలో ఉన్నది ప్రజల్లో ఎవరైనా అని. సిటిజన్లు అని లేదు.

ఇంకో మాట కూడా అందులోనే ఉంది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మాట్లాడుతుండగానే అనువాదం వినిపించే పరికరాలు బోర్డు వాడకపోతే, అనువాదకుల ద్వారా మాట్లాడేవాళ్ళకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి.

బస్సు విషయం అజెండాలోకి వచ్చిన నెల మా అత్తగారిని తీసుకెళ్ళాను. బస్సు లేని రోజు మనవణ్ణి నడిపించి తీసుకెళ్ళేది ఆవిడే. "బాబూ, చలికాలంలో పొద్దున్నే చీకటి. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుంటాను, ఇంకో చేత్తో టార్చిలైటు. ఆ మలుపు దగ్గర కార్లు ఆగవు" అన్నారు. ఒక్కో వాక్యం నేను ఇంగ్లీషులో చెప్పాను. కాగితాలు చూసుకుంటున్న ఒక ట్రస్టీ తలెత్తి, ఆవిడ పూర్తి చేసేదాకా దించలేదు. రూటు నిలబడలేదు. ఆ మలుపు దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డు మాత్రం వచ్చారు.

కాబట్టి మొదటి వాక్యంలోనే ఏ అంశం మీదో, మీకేం కావాలో చెప్పేయండి. పరిచయాలు వద్దు. ఇంట్లో ఫోన్లో టైమరు పెట్టుకుని పైకి చదవండి. పేరు నమోదుకి గడువెప్పుడో ముందే చూసుకోండి, కొన్నిచోట్ల ఆ మధ్యాహ్నానికే మూసేస్తారు. పదిమంది వెళ్ళి ఒకే మాట చెప్పొద్దు. ఒకరు దూరం గురించి, ఒకరు ఖర్చు గురించి పంచుకోండి. ఫలానా టీచరు మీద ఫిర్యాదు మైకులో పెట్టకండి, దానికి ప్రిన్సిపాల్‌తో మొదలయ్యే వేరే దారుంది, దానికీ గడువుంటుంది. ఇంకొకరి పిల్లల పేరు ఎప్పుడూ ఎత్తకండి.

వెనక టేబుల్ మీద వచ్చే మీటింగు అజెండా కాపీలు పెట్టాను. ఏ ఇల్లు ఏ స్కూలు కిందకి వస్తుందో తేల్చే స్కూళ్ళ సరిహద్దుల మార్పు ఉన్న చోట గీత గీశాను. మాట్లాడదామనుకునేవాళ్ళు భోజనాలకు ముందు నా దగ్గర పేరివ్వండి. పెద్దవాళ్ళు తెలుగులోనే చెబుతామంటే, పక్కన నిలబడి అనువదించడానికి నేనొస్తాను.