మందు మానాలంటే, మానినవాళ్ల మధ్య కూర్చోవాలి

[తెరపై: నల్లబట్టల్లో స్వాములు, సాయంత్రం భజన]

నమస్కారం. ఏటా కార్తీకంలో మన ఊళ్లలో చూస్తుంటాం. ఏళ్ల తరబడి తాగుతున్న మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారం లోపే మళ్లీ వైన్ షాపు దగ్గర కనిపిస్తాడు. "చూశారా, మనసుంటే మానగలడు, కావాలనే తాగుతున్నాడు" అంటారు ఇంట్లోవాళ్లు.

ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ 41 రోజులు అతను ఒక్కడే మానలేదు. తెల్లారుజామున చన్నీళ్ల స్నానానికి పక్కన నలుగురు స్వాములున్నారు. మందు గుర్తొచ్చే సాయంత్రం వేళకి భజన ఉంది. నిన్నటిదాకా తాగుబోతు అన్న వీధే "స్వామీ" అని పిలిచింది. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. ఫోన్‌లో మిగిలినవి సిట్టింగ్ ఫ్రెండ్స్ నంబర్లే.

మరి అలాంటి తోడు ఏళ్ల తరబడి దొరికితే? ఈ వీడియోలో చెప్పబోయేది దాని గురించే: తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం గురించి.

[తెరపై: అక్రన్, ఒహాయో, 1935]

బిల్ విల్సన్ న్యూయార్క్‌లో షేర్ మార్కెట్ మనిషి. తాగుడుతో ఆసుపత్రుల పాలై, చివరికి మానేసి కొన్ని నెలలైంది. 1935 మేలో వ్యాపారం పని మీద అక్రన్ అనే ఊరు వెళ్లాడు. పని చెడిపోయింది. తెలియని ఊరు, హోటల్ లాబీ, పక్కనే బార్. ఆ టెన్షన్‌లో అతనికి ఒకటి తోచింది: తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడితే తప్ప ఈ పూట గడవదు. చర్చిలకు ఫోన్లు చేసి వాకబు చేస్తే, చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. పావుగంట కంటే కూర్చోనన్న ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు.

ఎందుకంటే బిల్ నీతులు చెప్పలేదు. తను ఎలా తాగాడో, ఎంత దిగజారాడో చెప్పుకున్నాడు. తాగుడు ఒంటికి ఏం చేస్తుందో సర్జన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన అప్పటిదాకా విననిది, తన కథే ఇంకొకరి నోట. మధ్యలో ఒకసారి జారినా, 1935 జూన్ 10న ఆయన ఆఖరిసారి తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తేదీనే.

ఇందులో నన్ను బాగా కదిలించేది ఒక్కటి. బిల్ ఆ ఫోన్లు చేసింది తనను తాను కాపాడుకోవడానికి. అందుకే ఏఏలో కొత్తగా వచ్చినవాడు ఎవరికీ భారం కాడు. వణికే చేతులతో కూర్చున్న అతన్ని చూస్తే, పదేళ్ల కింద మానినవాడికి తన పాత రోజులు కళ్లముందు కదులుతాయి. సాయం రెండు వైపులా నడుస్తుంది.

మన దేశానికి ఏఏ 1957లో వచ్చింది. మీటింగ్ గంటో, గంటన్నరో ఉంటుంది. ఒక్కొక్కరు పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు. ఇంటిపేరు, ఉద్యోగం, కులం అడగరు. ఫీజు లేదు. గది అద్దె, టీ ఖర్చు సభ్యులు ఇచ్చిన దాంతోనే గడుస్తాయి, బయటి విరాళాలు తీసుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే. బండి డిక్కీలో సీసా దాచిన సంగతి చెప్పినా అక్కడ ఎవరూ ముఖం చిట్లించరు, వాళ్లూ దాచినవాళ్లే. కొన్నాళ్లకు అనుభవమున్న ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. సాయంత్రం ఆరింటికి మనసు లాగితే ఫోన్ చేయాల్సింది ఆ మనిషికి. జీవితాంతం మానతానని ఒట్లు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు, అంతే.

[తెరపై: 42 – 35]

పనిచేస్తుందా? 2020లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. ఏఏలో చేరేలా పద్ధతిగా ప్రోత్సహించిన చికిత్సలో, ఏడాది తర్వాత నూటికి 42 మంది పూర్తిగా మానేసి ఉన్నారు. కౌన్సెలింగ్ లాంటి ఇతర పద్ధతుల్లో అది 35. మందు ముట్టనివాళ్లు సగం కూడా లేరు కదా అనొచ్చు. కానీ ఇంత మొండి జబ్బులో, పైసా ఖర్చు లేని చోట ఈ తేడా చిన్నది కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో షాపులు ఒక్కసారిగా మూతపడితే, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుసకట్టారు. వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం. పొద్దున్నే ఒక పెగ్గు పడితే తప్ప చెయ్యి నిలవనివాళ్లు సొంతంగా ఆపేయకూడదు, ప్రాణానికే ముప్పు. ముందు డాక్టర్ పర్యవేక్షణలో ఆపాలి, ఆ తర్వాత మీటింగ్. డాక్టర్ రాసిన మాత్రలు కూడా, గ్రూపులో ఎవరో చెప్పారని మానేయకండి.

మానడానికి ఏఏ సభ్యులు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన వస్తుంది. ఎవరి దేవుడు వాళ్లు అనుకున్నట్టే అంటారు గానీ, అదీ ఇబ్బందైతే దైవం ఊసు లేని స్మార్ట్ రికవరీ అనే మరో బృందం ఉంది, 1994 నుంచి. డ్రగ్స్ వాడేవాళ్లకు నార్కోటిక్స్ అనానిమస్ ఉంది.

ఇక భార్యలు, తల్లులు. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేది వాళ్లే, అప్పు తీర్చేదీ వాళ్లే, నా వల్లే తాగుతున్నాడేమో అని కుమిలేదీ వాళ్లే. బిల్ భార్య లోయిస్ ఇంకొకరితో కలిసి 1951లో అల్-అనాన్ అనే ఇంట్లోవాళ్ల బృందం మొదలుపెట్టింది ఇలాంటివాళ్ల కోసమే. అమ్మా, మీ ఆయన మీటింగ్‌కి రానన్నా మీరు వెళ్లొచ్చు. ఆయన మానేదాకా మీరు ఆగక్కర్లేదు.

తాగే ఆడవాళ్లకు ఇది ఇంకా కష్టం. మగవాళ్ల మధ్య నోరు విప్పలేరు. ఆడవాళ్లకు విడిగా జరిగే మీటింగులు, ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయేమో అడగండి.

[తెరపై: 14446]

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. మొదటిసారి ఓపెన్ మీటింగ్ ఉందా అని అడగండి, దానికి ఇంట్లోవాళ్లు కూడా రావొచ్చు. వెనక వరసలో కూర్చుని వినండి. మాట్లాడమంటే "ఈ రోజు వింటాను" అంటే చాలు, ఇంక ఎవరూ అడగరు.