పిలుపుకీ పిలుపుకీ మధ్య రాయడం

అందరికీ నమస్కారం.

చిన్నపిల్లలున్న తల్లి రాసుకోవాలనుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ముందుగా ఇచ్చే సలహా, తెల్లవారుజామున లేవమని. రాత్రి రెండు మూడుసార్లు నిద్ర చెడిన మనిషికి ఈ సలహా ఇవ్వడం అన్యాయం. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. అందులో కోత పెట్టుకుని రాస్తే ఆ పేజీలూ నిలవవు, ఆరోగ్యమూ నిలవదు. అందుకే నిద్ర జోలికి పోకుండా మిగిలిన రోజు గురించే మాట్లాడతాను.

ముందు ఒక వారం పాటు చిన్న లెక్క రాయండి. ఏ గంటలో ఏ పని చేశారన్నది వద్దు. మిమ్మల్ని ఎవరూ పిలవని సమయం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, అంతవరకే. ఎక్కువగా కనిపించేవి పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలే. పసివాళ్ళ పగటి నిద్ర పెద్ద ఆధారంలా కనిపిస్తుంది గానీ అది స్థిరంగా ఉండదు. ఏడాది వయసులో చాలామంది పగలు రెండుసార్లు పడుకుంటారు. 15 నుంచి 18 నెలల మధ్య అది ఒక్కసారికి వస్తుంది. మూడు నుంచి అయిదేళ్ళ మధ్య పగటి నిద్రే మానేస్తారు. అప్పుడు రాత వేళ చెదిరిందంటే పట్టుదల తగ్గిందని కాదు, పిల్ల పెరిగింది. మళ్ళీ వారం లెక్క రాసి కొత్త ముక్కలు వెతుక్కోవాలి.

అసలు చిక్కు ఆ ముక్క చిన్నదవడం కాదు. ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే పోతాయి. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే, మనసు కొంత ఆ మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. తర్వాత 2018లో, థెరీసా గ్లాంబ్‌తో కలిసి చేసిన పరిశోధనలో దీనికి ఒక ఉపాయం కూడా చూపారు: పని ఆపాల్సి వచ్చినప్పుడు ఎక్కడున్నామో, తిరిగొచ్చాక ఏం చేయాలో క్లుప్తంగా రాసుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. ఆ పరిశోధనలు ఉద్యోగాల్లో జరిగే పనుల గురించి. కానీ పని మధ్యలో ఆపడమనేది తల్లికంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

ఆ చీటీ ఎలా ఉండాలో చూడండి. మీరు ఒక కథ రాస్తున్నారు, లోపల పాప లేచింది. రాస్తున్న వాక్యం కిందే ఇలా పెట్టండి:

“నాయనమ్మ కళ్ళజోడు కోసం వెతుకుతోంది. తర్వాత: అది దొరికేది బడి సంచిలో, పిల్లాడు చూస్తాడు, చెప్పడు. ఎందుకు చెప్పడో ఇక్కడ రాయొద్దు.”

అరనిమిషం పని. తిరిగొచ్చేది మూడు రోజుల తర్వాతైనా చేయి వెంటనే కదులుతుంది. “రెండో భాగం బాగు చేయాలి” అని రాస్తే మాత్రం ఉపయోగం లేదు. ఏది బాగాలేదో, ఎలా మార్చాలనుకున్నామో అప్పటికి మరిచిపోతాం. చీటీలో తర్వాతి కదలిక ఉండాలి, తీర్పు కాదు. చంటిపిల్ల ఏడుస్తుంటే రాసే వీలుండదు, నడుస్తూనే ఫోన్‌లో ఒక్క ముక్క రికార్డు చేసుకోండి.

కూర్చోగానే మొదటి పేజీ నుంచి చదవడం ఇంకో పొరపాటు. చదివితే దిద్దాలనిపిస్తుంది, దిద్దితే సమయం అయిపోతుంది. నెల గడిచేసరికి మొదటి పేజీ అద్దంలా ఉంటుంది, నాలుగో పేజీ పుట్టదు. చీటీ, దాని పైన ఉన్న చివరి పేరా, అంతే చదివి మొదలుపెట్టండి.

ముక్క సైజుని బట్టి పని ఎంచుకోవాలి. పది నిమిషాలకి రెండు పాత్రల మాటలు, ఒక వర్ణన, ఒక పేరా కుదించడం. ఇరవై నుంచి ముప్ఫైకి ఒక సన్నివేశంలో భాగం. మొత్తం పైకి చదువుకోవడం, భాగాల వరస మార్చడం లాంటివి రెండు గంటలు లేనిదే ముట్టుకోకండి. పెద్ద పనిని చిన్న ముక్కలో పెట్టి ఓడిపోయాకే చాలామందికి రాతంటే విసుగు పుడుతుంది. ఫోన్‌తో మాట్లాడి టైపు చేయించే పద్ధతి మంచిదే. తెలుగులో ఫుల్‌స్టాపులు తరచూ పడవు, మాటలు అతుక్కుపోతాయి, కాబట్టి అదే రోజు దిద్దుకోవాలి. నాలుగు రోజులు ఆగితే మనం చెప్పింది మనకే అర్థం కాదు.

విడతకి 150 మాటలు, వారానికి నాలుగు విడతలు. నెలకి 2,400 మాటలు, ఒక కథ తొలి ప్రతికి సరిపోతుంది. రోజూ రాయాలనే నియమం మాత్రం పెట్టుకోకండి. జ్వరాలూ పరీక్షలూ ఉన్న ఇంట్లో అది వారంలోనే తప్పుతుంది, తప్పిందన్న దిగులు మిగిలిన రోజుల్ని కూడా తినేస్తుంది.

ఆ రెండు గంటల విషయానికొస్తాను. పదిహేను రోజులకోసారైనా అవి కావాలి, వాటిని ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి. ఇక్కడ “కాస్త సాయం చేయండి” అని అడగడంతోనే పొరపాటు మొదలవుతుంది. సాయం అంటే బాధ్యత మీదే, చేతులు వాళ్ళవి. పాప గౌను ఎక్కడుంది, మందు ఎంత వేయాలి అని తలుపు దగ్గరకొచ్చి అడుగుతూనే ఉంటారు. అడగాల్సింది అప్పగింత: “ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా పిల్లల సంగతి పూర్తిగా మీది” అని. వస్తువులు ఎక్కడున్నాయో, మందు మోతాదు ఎంతో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. దెబ్బ తగిలినా, ఒంట్లో బాగాలేకపోయినా పిలవాలి, ఇంక దేనికీ వద్దని ముందే చెప్పండి. అయినా మొదట్లో పిలుస్తూనే ఉంటారు. లోపల్నుంచి జవాబిచ్చారా, డ్యూటీలో ఉన్నది మీరేనని అందరికీ ఖాయమైపోతుంది. బయటికొచ్చాక వాళ్ళు మడిచిన బట్టలు మళ్ళీ మడవకండి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదా అని బీరువా సర్దడానికి కూర్చోకండి, ఆ రెండు గంటలు ఎక్కువగా పోయేది అక్కడే.

ఇక రాసేది ఇంటి గురించే అయినప్పుడు ఒక మాట. మీ అలసట, మీ కోపం మీవి, రాసుకోవచ్చు. పిల్లాడి భయం, వాడి జబ్బు, వాడు పక్క తడిపిన సంగతి వాడివి. తొలి ప్రతిలో అన్నీ రాయండి, ఆ ప్రతి ఇంట్లో ఎవరికీ చూపించొద్దు. అచ్చుకి పంపే ముందు మాత్రం, ఎవరి గురించి రాశారో వాళ్ళకి చదివి వినిపించండి. పిల్లలు ఏడెనిమిదేళ్ళ వాళ్ళయితే వాళ్ళనీ అడగాలని నేను గట్టిగా నమ్ముతాను. క్లాసులో తోటిపిల్లలు ఇది చదివితే నీకు ఎలా ఉంటుంది అని అడిగితే వాళ్ళు సూటిగానే చెబుతారు. వద్దంటే ఆ భాగం తీసేయాల్సిందే, ఎంత బాగా వచ్చినా సరే. ఎనిమిదేళ్ళప్పుడు సరేనన్న పిల్ల పద్నాలుగేళ్ళకి వద్దనొచ్చు. పాత వ్యాసాన్ని మళ్ళీ ఎక్కడైనా వేయాల్సి వస్తే, మళ్ళీ అడగండి.