పక్కింటివాళ్ల 236వ నిబంధన

నమస్తే అండీ. పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్న పెద్దాయన పేరు కూడా అడక్కుండా ప్యాకేజీ ఎంత అంటాడు. పెళ్లయి ఆరు నెలలు కాకముందే పిన్నిగారు "ఏమైనా విశేషమా?" అంటారు. ఈ కూపీలు లాగే అలవాటు తలుచుకుంటే నాకు ఒక పోలీసు నిబంధన గుర్తొస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా హిస్టరీ షీట్, అంటే పోలీసులు కన్నేసి ఉంచే మనిషి మీద రాసుకునే చిట్టా, తెరిచారు. అక్కడి పోలీసు రెగ్యులేషన్లలో 236వది ఏం చేయమందో వినండి. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా కాయాలి. రాత్రిళ్లు ఇంటికి వెళ్లి చూడాలి. మనిషికున్న పేరు, అలవాట్లు, స్నేహాలు, ఆదాయం, ఖర్చులు, వృత్తి ఆరా తీయాలి. ఎటు వెళ్లాడో రాసుకోవాలి. రాత్రి తలుపు తట్టడం ఒక్కటి తీసేస్తే, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర రోజూ జరిగేది ఇదేనండీ!

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జిల ధర్మాసనం తీర్పిచ్చింది. రాత్రి తనిఖీలు కొట్టేశారు, మెజారిటీ జడ్జిలు మిగతావి ఉండనిచ్చారు. కాదన్నది ఇద్దరే. ఆ భిన్న తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. మొత్తం నిబంధనే చెల్లదన్నారు. నీడలా వెంటాడుతుంటే మనిషి మరబొమ్మలా కదులుతాడు, అతనికి దేశమంతా జైలే అన్నారు. ఎంత మాటండీ! 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చి, సుబ్బారావుగారి వైపే నిలబడ్డారు.

సరే, పిన్నిగారి మీద రిట్ వేయలేం. వేయమని నేను అనడం లేదు కూడా. వెనకటికి ఊళ్లోనూ అన్నీ అడిగేవాళ్లు. కానీ జ్వరమొస్తే కషాయం కాచి తెచ్చేదీ, అప్పుకి పూచీ ఉండేదీ వాళ్లే. ఇప్పుడు ఆ పూచీ పోయి ప్రశ్నలు మిగిలాయి. ఉద్యోగం పోయిందని తెలిస్తే ఎందుకు తీసేశారు, ఈఎంఐ ఎంత, ఇంట్లో తెలుసా అని తవ్వి తవ్వి అడుగుతారు. మీకు తెలిసిన కంపెనీలో ఒక మాట చెప్పండి అంటే ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

అలాంటివాళ్లు ఎదురైతే "బాగానే ఉన్నానండీ" అనేసి ఊరుకుంటాను. ఇంకా వదలకపోతే మీ అబ్బాయి జీతం ఎంతని నేనూ అడుగుతాను. చాలామంది అక్కడితో ఎండల గురించి మొదలుపెడతారు.