రాతిపువ్వులో ఉన్నది ఒకరు కాదు, ఇద్దరు

నమస్కారమండీ. మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో మసాలా దినుసులు కొనేటప్పుడు రాతిపువ్వు చూసే ఉంటారు. ఒకవైపు నల్లగా, ముడతలు పడి ఉంటుంది. బిర్యానీలో వేస్తాం. అది పువ్వూ కాదు, ఆకూ కాదు. లైకెన్. సింహాచలం కొండ మీద రాళ్లకీ, చెట్ల బెరడుకీ అంటుకుని కనిపించే బూడిదరంగు మచ్చల్లో చాలావరకు ఈ కోవవే. చెట్టుకి తెగులు పట్టిందని కొందరు వాటిని గీకేస్తుంటారు. దయచేసి గీకకండి. లైకెన్ చెట్టు రసం పీల్చదు. బెరడు దానికి నిలబడే చోటు, అంతే.

మరి తిండి? లోపలే తయారవుతుంది. లైకెన్ ఒక ఫంగస్ (బూజు, పుట్టగొడుగుల జాతి), దాని పోగుల మధ్య ఉండే ఆల్గే (నాచు జాతికి చెందిన కంటికి కనబడనంత చిన్న జీవి) కలిసి కట్టుకున్న శరీరం. 1860ల చివర్లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెబితే, అప్పటి లైకెన్ నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు.

ఫంగస్‌కి పత్రహరితం లేదు. ఎండ తగిలితే ఆల్గే చక్కెర తయారుచేస్తుంది, అందులో పెద్ద వాటా ఫంగస్‌కే పోతుంది. ఆకుపచ్చ ఆల్గే అయితే రిబిటాల్ (చక్కెరకి దగ్గరి పదార్థం) లాంటి రూపంలో ఇస్తుంది. కొన్ని లైకెన్లలో ఆల్గే బదులు సయనోబాక్టీరియా, అంటే ఎండతో తిండి తయారుచేసుకునే బాక్టీరియా, ఉంటుంది. అది గ్లూకోజ్ ఇస్తుంది, గాలిలోని నత్రజనినీ పట్టి ఇస్తుంది. నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆల్గేని విడదీసి ఒంటరిగా పెంచితే, కొన్ని గంటల్లోనే చక్కెర బయటికి వదలడం బాగా తగ్గించేస్తుంది. అంటే ఫంగస్ పక్కన ఉంటేనే ఆ ధారాళం!

అందుకే ఫంగస్ ఆల్గేని సాగు చేసుకుంటోందని అనేవాళ్లూ ఉన్నారు. పంపకం సమానం కాదన్నది నిజమే. కానీ దోపిడీ అనడానికి నాకు మనసొప్పదు. మే నెల ఎండలో కాలే కొండరాయి మీద ఆల్గే ఒక్కతే బతకడం చాలా కష్టం. ఫంగస్ దానికి పైపొరై ఎండ తీవ్రత తగ్గిస్తుంది, నీటిని పట్టి ఉంచుతుంది, రాతిని గట్టిగా పట్టుకుంటుంది. పూర్తిగా ఎండిపోతే ఇద్దరూ పని ఆపేస్తారు. తేమ తగిలితే నిమిషాల్లో మళ్లీ మొదలు. ఆకుపచ్చ ఆల్గే ఉన్న లైకెన్లకి వానే అక్కర్లేదు, తేమగాలి చాలు. మన సముద్రపు గాలిలో దానికి కొదవేముంది!

ఈసారి కైలాసగిరి వెళ్తే, బూడిదరంగు మచ్చ మీద బాటిల్‌లోని నీళ్లు నాలుగు చుక్కలు వేసి చూడండి. తడిస్తే పైపొరలోంచి వెలుతురు బాగా దూరుతుంది. లోపలున్న ఆల్గే పచ్చదనం పైకి కనబడుతుంది.